వదిన బుట్టతో బెంగళూరు సభకు

పొద్దున ఆరింటికి కంబదూరులో బెంగళూరు బస్సెక్కాం, నేనూ మా ఓబులమ్మ వదినా, ఆమె వెదురు బుట్టా. ఆ దారిన పోయేవాళ్లు కుడివైపు కూర్చోండి. ఎడమవైపు వాళ్లు పావగడ చేరేలోపు ఎండకు అప్పడాలవుతారు.

బుట్ట సంగతి చెప్పాలి. మా ఊరికి సిగ్నల్ కొండ మీదే దొరుకుతుంది. రోజూ వదిన ఊరి ఫోన్లన్నీ బుట్టలో వేసుకుని గొర్రెల వెంట కొండెక్కుతుంది. సాయంత్రానికి గొర్రెలు గడ్డి మేసి, ఫోన్లు మెసేజీలు మేసి దిగుతాయి. కొన్ని ఫోన్లు నెమరు కూడా వేస్తాయి. చిక్కల్లా ఓటీపీతోనే. కొండ దిగి, అడిగినవాళ్లకు చెప్పేలోపు దాని ప్రాణం పోతుంది. పోయినేడు వదినకు వేరుశనగ బీమా అట్లానే తప్పిపోయింది.

ఇంటర్నెట్ ఎట్లా నడవాలో తేల్చడానికి నానా దేశాలవాళ్లు బెంగళూరులో కూడుతున్నారని, ఒక సంఘం వాళ్లు మమ్మల్నీ పిలిచారు. సిగ్నల్ అందని ఊళ్లవాళ్లకు ఆ సభల్లో చోటుండాలి, వాళ్ల భాషలోనే మాట్లాడనివ్వాలి అన్న తీర్మానం మీద ఆ రోజే ఓటు.

"బుట్టెందుకమ్మా?" అన్నాడు కండక్టరు.

"ఇంటర్నెట్టు తెచ్చేకి," అన్నాను.

"ఏమన్నా, పొద్దున్నే కోతలా?"

"మా మరిది అంతే లేప్పా. నిజం చెప్తే జొరమొస్తాది," అంది వదిన.

పావగడలో ఇడ్లీ తిని, మధ్యాహ్నానికి సభకు చేరాం. పప్పన్నం బాగుంది, సంగటి లేదు. హాలు నేలమాళిగలో ఉంది. ఓటు ఫోన్లోనే వేయాలి, దానికి ఓటీపీ రావాలి. సిగ్నల్ లేక దొరలూ దొరసానులూ ఫోన్లు నెత్తికెత్తి తిప్పుతున్నారు.

వదిన అలవాటుగా బుట్ట పట్టుకుని లేచింది. "ఇందులో వేయండి నాయనా, మిద్దె మీదికి తీసకపోతా."

అనువాదం చేసే అమ్మాయి చెప్పగానే అందరూ నవ్వుతూ వేశారు. వదిన మిద్దెక్కి దిగింది. ఓటీపీలన్నీ వచ్చాయి, అన్నిటికీ గడువు దాటిపోయింది. మళ్లీ పంపించారు, మళ్లీ ఎక్కింది. అదే కథ! హాలంతా తెల్లమొహాలు.

మైకు అందుకున్నాను. "అయ్యల్లారా, అమ్మల్లారా, మా ఊరికి స్వాగతం. మీకీడ మిద్దె, మాకాడ కొండ. మాకిది దినామూ ఉండేదే."

అధ్యక్షురాలు కెన్యా ఆవిడ. నవ్వాపుకుని, ఫోన్లు వదిలేసి చేతులెత్తమంది. ఎన్ని చేతులు! ఆ గాలికి ఏసీ కట్టేయాల్సి వచ్చింది. తీర్మానం నెగ్గింది. వచ్చే సభలో మొదటి మాట వదినదే, అదీ తెలుగులోనే అని ఆవిడ ప్రకటించింది.

సాయంత్రం తిరుగు బస్సు. అదే కండక్టరు. జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పాను.

"అన్నా, పొద్దున కోసినవి చాలలేదా?" అన్నాడు.

బతుకులో మొదటిసారి నిజం చెబితే నమ్మే దిక్కులేదు. వదిన వైపు చూశాను. ఆమె బుట్ట ఒళ్లో పెట్టుకుని, దాటిపోతున్న ఎర్రనేలల్ని చూస్తోంది.

"అంతా నిజమే లేప్పా," అంది. "మా మరిదికి ఈ రాత్రి జొరం ఖాయం."