నోరు మూసుకున్న తారా సిస్టర్

తారాబాయి గొంతు వినాలంటే దవాఖాన లోపలికి పోనక్కర్లేదు. కరీంనగర్ రోడ్డు మీద బస్సు కోసం నిలబడితే చాలు, కాన్పుగదిలోంచి ఆమె కేక వినబడేది. "ముక్కవే తల్లీ, ముక్కు. గప్పుడు లేని సిగ్గు గిప్పుడెందుకు?" కాన్పులు నేర్చుకోవడానికి వచ్చే నర్సు పిల్లలకు ఆమే పంతులమ్మ. రబ్బరు బొమ్మను చేతిలో పట్టుకుని, బిడ్డ తల ఎట్లా తిరుగుతుందో, భుజం ఎట్లా జారుతుందో ఓపికున్నంత సేపు చెప్పేది. ఆ ఓపిక ఎంతసేపని అడగొద్దు. తర్వాత ఒంటికాలి మీద లేచేది.

ఆ గొంతే ఆమెను ముంచింది. ముందు బొంగురుపోయింది, ఆ తర్వాత సగం మాటలు గాలిలో కలిసిపోవడం మొదలైంది. మిరియాల కషాయం, తేనె, కలకండ అన్నీ అయ్యాయి. చివరికి సిటీలో గొంతు డాక్టరు కృష్ణారావు సన్నటి కెమెరా పెట్టి చూసి, మాట పుట్టే చోట చిన్న కాయ ఉందన్నాడు. మెడ మీద గాటు పడదట, నోట్లోంచే పనిముట్లు పంపి తీసేస్తారట. కానీ ఆ తర్వాత వారం పాటు ఒక్క మాట మాట్లాడకూడదు, గుసగుస కూడా వద్దు, మాట్లాడితే గొంతు ఇక తిరిగి రాకపోవచ్చు అన్నాడు. గొంతు రాకపోతే తనను కాన్పుగదిలోంచి తీసి ఓపీలో చీటీలు రాసే కుర్చీలో పడేస్తారని తారాబాయి భయం. నోరు లేని పంతులమ్మ ఎవరికి కావాలి?

ఆపరేషన్ సులువుగానే అయింది. అసలు బాధ ఇంటికొచ్చాక మొదలైంది.

కోడలి నోరు పడిపోవడం దిష్టి కాక మరేమిటని అత్త శంకరమ్మ తేల్చేసింది. ఎండుమిరపకాయలు, ఉప్పు ఆమె చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది. ఇల్లంతా ఘాటు. గొంతులో పచ్చిపుండు పెట్టుకున్న మనిషి కొంగు నోట్లో కుక్కుకుని, దగ్గు ఆపుకుంటూ వాకిట్లోకి పరుగెత్తింది. ఇంత ఘాటు వచ్చిందంటే దిష్టి లేనట్టేనని శంకరమ్మ నింపాదిగా ఒప్పుకుంది. ఇక మొగుడు కుర్మయ్య సంగతి చెప్పనక్కర్లేదు. చెరువులో చేపలు పట్టి వచ్చి, పెళ్లాం మూగదే కాదు చెవిటిది కూడా అయినట్టు, అన్నం తింటావా అని చెవిలో అరిచేవాడు. పక్కింటి వాళ్లు చేతులతో సైగలు చేసేవాళ్లు. తారాబాయికి తల ప్రాణం తోకకొచ్చింది. ఈ ఇంటికంటే దవాఖానే నయమని, సెలవులో ఉండి కూడా కాన్పుగదికి పోయింది.

అక్కడ లాల్‌గడి మలక్‌పేట్ నుంచి వచ్చిన భవానికి తొలికాన్పు నొప్పులు. ట్రైనింగ్ పిల్ల లిఖిత కాన్పు చేస్తోంది. చేస్తోందంటే, అరుస్తోంది. "ముక్కవే. గప్పుడు లేని సిగ్గు గిప్పుడెందుకు?" అంటోంది. తారాబాయికి ఒళ్లు మండింది. ఇన్నాళ్లు నేర్పిన పనిలో ఈ పిల్లకు వచ్చింది ఇదొక్కటేనా? చెయ్యి ఎక్కడుండాలో తెలియదు గానీ నోరు మాత్రం బాగా వచ్చింది. కసురుదామంటే డాక్టరు మాట గుర్తొచ్చింది. పళ్లు కొరుక్కుంటూ స్టూలు లాక్కుని భవాని తల దగ్గర కూర్చుంది. భవాని చెయ్యి పట్టుకుని, నోరు తెరిచి ఊపిరి ఎట్లా తీయాలో చూపించింది. భవాని ఆమె ముఖమే చూస్తూ అట్లాగే తీసింది.

బిడ్డ తల బయటికొచ్చింది. మెడకు బొడ్డుపేగు చుట్టుకుని ఉంది. లిఖిత చేతులు కొయ్యబారిపోయాయి, నోరు కూడా పడిపోయింది. తారాబాయికి మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ముక్కొద్దని భవానికి అరచెయ్యి చూపించి, గ్లౌజు తొడుక్కుని, లిఖిత వేలు పట్టుకుని పేగు కిందికి దూర్చింది. పేగు వదులై బిడ్డ తల మీదుగా జారింది. ఆడపిల్ల. కాసేపటికి గుక్కపట్టి ఏడ్చింది.

సాయంత్రం బిడ్డను చూద్దామని తారాబాయి వార్డు గుమ్మం దాకా వచ్చేసరికి లోపల తన మాటే నడుస్తోంది.

"మల్లొక కాన్పుకు గూడ గా మూగ సిస్టరే ఉండాలె. అందరు తిట్టిండ్రు, గామె ఒక్కతే తిట్టలే" అంటోంది భవాని.

"ఆమె మూగది గాదు. మాకు గీ అరుపులు నేర్పిందే ఆమె" అంది లిఖిత.

"ఊకో అక్కా. గామె గట్ల అరిసే మనిషి గాదు."

లిఖిత తల తిప్పి గుమ్మంలో ఉన్న తారాబాయిని చూసింది, జవాబు నువ్వే చెప్పమన్నట్టు. తారాబాయి ముఖం కందిపోయింది. మాట్లాడొద్దన్న డాక్టరుకు మనసులోనే దండం పెట్టుకుని, బిడ్డ పక్కన కూర్చుంది.