మునిగిన చోటు

అప్పటికి అక్కడ వంతెన లేదు. కరీంనగర్ నుంచి ఆసిఫాబాద్ పోవాలంటే బస్సు దిగి, గోదావరిని పడవలో దాటాల్సిందే. వరద నీటిని చూసి భయమేసి, బాపు అంగీ కొస పట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా ఎండకు కమిలిన ముఖంతో ఒకాయన.

"సముద్రంల పరిశోధన ఓడ మీద పని చేస్త. పొద్దంత నీళ్ళు చూసి, తిమింగలాలు ఏడ లేస్తున్నయో చెప్పాలె" అన్నాడు.

"గిదేం నౌకరి తమ్మీ!" అని బాపు నవ్వాడు. అంతలో పడవ ఒరిగింది. నా చేతిలోంచి అంగీ జారింది. బాపు నీళ్ళలో మునిగిపోయాడు.

అందరం అక్కడే చూస్తూ అరుస్తున్నాం. ఆ ఓడాయన నా గడ్డం పట్టుకుని ముఖం నది దిగువకు తిప్పాడు.

"మునిగినకాడ చూడకు బిడ్డా. మునిగింది గాడనే లేవది. ముందట చూడు."

చూశాను. ఎంతసేపటికీ నీళ్ళే. తర్వాత చాలా దూరంలో బాపు తల తేలింది. "గాడ! గాడ!" అని నేను అరిస్తే పడవవాళ్ళు అటు తిప్పి, బాపును పైకి లాగారు.

ఒడ్డు చేరాక ఆ ఓడాయన ఎటు పోయాడో చూడనే లేదు.

మొన్న బాపు అస్థికలు అదే రేవులో కలిపాం. తమ్ముళ్ళు అవి మునిగిన చోటే చూస్తూ ఏడ్చారు. నేను దిగువకు చూస్తూ నిలబడ్డాను.