బావ లేని పదిహేను సెకన్లు

మదనపల్లెలో మా బట్టల అంగడిలో నేను మొదట నేర్చుకున్న పని కొలవడం కాదు, మడవడం. తానులో ఎక్కడైనా నేత తప్పు ఉన్నా, ఎలుక కొట్టిన చోటు ఉన్నా అది లోపలి మడతలోకి పోవాలి. అబద్ధం మాత్రం చెప్పకూడదనేవాడు మా నాయన. కొనేవాడు విప్పి అడిగితే చూపించు. అడక్కపోతే మన నోటితో మనం యాల చెప్పుకోవాల? ఈ నీతి మీదనే మా ఇల్లు గడిచింది. దాన్ని అంగడి గడప దాటించి తీసుకుపోయిన ఘనత నాది.

మా అక్క మొగుడు కుప్పంలో ఉండేవాడు. ఉద్యోగం మాత్రం రైలెక్కి పోవాల్సిన ఒక పెద్ద ఊరి విమానాశ్రయంలో. ఏ విమానం ముందు దిగాలో, ఏది ఎంత ఎత్తులో ఆగాలో రేడియోలో పైలట్లకు చెప్పే పని. మా బంధువుల్లో సగం మంది ఆయన్నే పైలట్ అనుకునేవాళ్ళు. "కాదప్పా, నేను నేలమీదే కూసోనుంటా. ఎగిరేది వాళ్ళు, చెమటలు నాకు" అని నవ్వేవాడు. ఏటా వైద్య పరీక్ష ఉండేది. కళ్ళు, చెవులు, గుండె అన్నీ చూసి డాక్టర్లు సరే అని సంతకం పెడితేనే మైకు ముందర సీటు. పెట్టకపోతే ఆ సీటు లేదు, ఆ సీటుకొచ్చే జీతమూ లేదు.

ఆయనలో తేడా నేను మొదట చూసింది పుంగనూరు సంతలో. అక్క ఇంటి ముందర కట్టుకోవడానికి పొట్టి ఆవు కావాలంది. ఆవుల సంతలో ధర నోటితో చెప్పరు. కొనేవాడి చెయ్యి, దళారి చెయ్యి ఒకే తుండు కింద దూరతాయి. ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అంత. పక్కనున్నవాడికి తుండు కదలడమే కనిపిస్తుంది. బేరమంటే నాకు భోజనం కంటే ఎక్కువ కాబట్టి నేనే చెయ్యి పట్టాలనుకున్నాను. బావ ఊరుకోలేదు.

"ఈ పొద్దు నేను పడతా సెయ్యి. నువ్వు సూస్తా ఉండు."

బస్సులో వచ్చేటప్పుడే వేళ్ళ లెక్క నేర్పించాను. సరే కానీ అన్నాను. దళారి పెద్దాయన, నోట్లో ఆకువక్క. ఇద్దరి చేతులూ తుండు కింద చేరాయి. నేను పెద్దాయన మొహమే చూస్తున్నాను. ధర చేతిలో దాక్కున్నా మొహంలోకి వస్తుంది కదా. ఆ మొహంలో మొదట నవ్వు ఉండింది. తర్వాత నమలడం ఆగింది. బావ వైపు చూశాను. కళ్ళు తెరిచే ఉన్నాయి, ఆవునే చూస్తున్నాయి. పెదవులు మాత్రం ఏదో రుచి చూస్తున్నట్టు మెల్లగా కదులుతున్నాయి.

పెద్దాయన తన చెయ్యి ఒక్కొక్క వేలే విడిపించుకుని బయటికి లాక్కున్నాడు. పంచెకు తుడుచుకున్నాడు.

"ఏమప్పా, ఎవురీయన?" అన్నాడు నాతో, గొంతు తగ్గించి. "వేళ్ళు నా వేళ్ళనే పట్టుకోనుండాయి. పట్టుకునేవోడే లేడు."

అప్పుడు బావ కదిలాడు. తుండు కింద ఖాళీ చేతిని ఇంకొంచెం ముందుకు చాచి వెతికాడు. "అదేంది పెద్దాయనా, సెయ్యి ఎప్పుడు తీసేస్తివి?" అన్నాడు.

నేనేం చేశానో చెప్పాలి. భయపడిన మనిషి దగ్గర తెగినంత తొందరగా బేరం ఇంకెక్కడా తెగదు. పెద్దాయన మమ్మల్ని పంపించేయాలనే తొందరలో ఉన్నాడని పసిగట్టి, తుండు కింద నా చెయ్యి దూర్చి, అనుకున్నదానికంటే తక్కువకే ఆవును తోలుకొచ్చాను. దారంతా నా గొప్ప నేనే చెప్పుకున్నాను. బావ మెచ్చుకున్నాడు కూడా.

ఆ తర్వాత కుప్పం పోయినప్పుడల్లా చూస్తూ వచ్చాను. బావ కాఫీ తాగుతూ ఉంటాడు, లోటా నోటిదాకా పోయి ఆగిపోతుంది. మాట్లాడుతూ ఉంటాడు, "రేపు రైలు..." అని నిలిచిపోతాడు. వాకిట్లో మధ్యాహ్నం ఎండ, ఆవు తోక విసురుతున్న చప్పుడు, ఎదురుగా ఒక మనిషి ఆకారం. గోడ గడియారం ముల్లు చూసి లెక్కపెట్టాను. పదిహేను సెకన్లు. తర్వాత "...లేటుగా వస్తాదంట" అని ముందు మాటకు అతికించేస్తాడు, నడుమ ఏమీ జరగనట్టు. నిజానికి ఆయనకు నడుమనేది లేనే లేదు.

వంటింట్లో అక్కనడిగాను.

"నువ్వూ సూసినావా?" అంది. "ఉగాదికి ముందునుంచే ఉండాది. గాలి సోకిందేమో అని తాయెత్తు కట్టిద్దామంటే, యాల అంటాడు కదా. ఏమని సెప్పేది?"

"ఆయనకు తెలీదా?"

"ఆయన ఉంటేనే కదరా తెలిసేది."

ఆ కాలానికి నేను అంగడితోపాటు ఇన్సూరెన్స్ ఏజెంటు పని కూడా చేస్తుండేవాణ్ణి. రెండువేల సంవత్సరం దాటాక కొత్త కొత్త కంపెనీలు వచ్చాయి, కొత్త కొత్త పాలసీలు తెచ్చాయి. అందులో ఒకటి సరిగ్గా ఇలాంటి ఉద్యోగాలకే కుట్టించినట్టుండింది. వైద్య పరీక్షలో తప్పి సీటు పోతే, జీతంలో ఒక భాగం ఏళ్ళ తరబడి ఇస్తారు. రెండే మెలికలు. పాలసీ తీసుకున్న తొంభై రోజుల్లోపల బయటపడిన రోగానికి ఏమీ రాదు. ముందే తెలిసిన రోగానికి ఎప్పటికీ రాదు.

నా బుర్ర అక్కడ పనిచేసింది. బావకు తెలియదు కాబట్టి ఆయనకిది తెలిసిన రోగం కాదు. ఫారంలో "ఎప్పుడైనా స్పృహ తప్పిందా?" అని అడిగితే ఆయన లేదంటాడు, అది ఆయన మట్టుకు నిజం. తొంభై రోజులు గడిచాక డాక్టరు దగ్గరికి తీసుకుపోదాం, అప్పుడు తెలుసుకుందాం. మడత లోపలికి పోవాలి, అంతే.

"తొంభై దినాలు ఆయనకు తెలీకూడదు" అన్నాను అక్కతో.

"అంతవరకూ పనికి పోతాడు కదరా?"

"ఇన్నాళ్ళూ పోలేదా?"

అక్క మళ్ళీ మాట్లాడలేదు. పిల్లల చదువులున్నాయి, ఇంటి అప్పుంది. మౌనాన్ని సరే అని రాసుకోవడం అంగడివాళ్ళకు అలవాటే.

బావ ఫారం మీద నవ్వుతూ సంతకం పెట్టాడు. "నా బామ్మర్ది నన్ను కూడా అమ్ముకున్నాడే!" అన్నాడు. కింద ఏజెంటుకు ఒక గడి ఉంటుంది, దరఖాస్తుదారు ఆరోగ్యం గురించి నీకు తెలిసిందేమిటని. "ప్రత్యేకంగా ఏమీ లేదు" అని రాశాను. నా అక్షరాలు గుండ్రంగా వచ్చాయి.

అప్పటినుంచి నేను ప్రతి ఆదివారం కుప్పం పోయాను. పైకి చీరల మూట, లోపల లెక్క. ఇంట్లో ముగ్గురం కూర్చునేవాళ్ళం. ఆయన పేపరు చదివేవాడు, మేమిద్దరం ఆయన్ని చదివేవాళ్ళం. ఉన్నట్టుండి పేజీ తిప్పే చెయ్యి గాలిలో నిలిచేది. అక్కా నేనూ ఊపిరి బిగబట్టేవాళ్ళం. ఆ కాసేపు ఆ కుర్చీలోకి ఇంకెవరైనా వచ్చి కూర్చున్నా మాకు తెలిసేది కాదేమో అనిపించేది. పేజీ తిరిగేది. మేమూ ఊపిరి వదిలి అన్నం వడ్డించుకునేవాళ్ళం. సోమవారం పొద్దున ఆయన క్యారియరు పట్టుకుని రైలెక్కేవాడు.

డెబ్బై ఒకటో రోజు అన్నం దగ్గర బావ నవ్వుతూ ఒక మాట చెప్పాడు.

"మా ఆఫీసులో రేడియోలు పాతబడిపోయినాయప్పా. ఈ మధ్య పైలట్లు ఒకసారి పిలిచి ఊరుకోరు. 'మళ్ళా పిలుస్తాండాం, మళ్ళా పిలుస్తాండాం' అంటారు. మొదటిసారి పిలిసింది నాకు ఇనపడే ఇనపడదు. రెండోదే ఇనపడతాది, ఒక్కోసారి మూడోది. రిపోర్టు రాసిచ్చినా. మెకానిక్కు వచ్చి, అంతా బాగుండాది సార్ అని పాయె."

అక్క చెయ్యి పప్పు గిన్నెలోనే ఆగిపోయింది. ఇంటి కప్పు పైన ఎక్కడో దూరంగా విమానం పోతున్న మోత. అందులో ఉన్నవాళ్ళు కూడా ఎవరో ఒకరిని పిలుస్తూ ఉంటారు కదా అనుకున్నాను.

బావ చేతులు కడుక్కోవడానికి లేచాడు. అక్క నా వైపు వంగింది.

"ఇంకా పంతొమ్మిది దినాలేరా" అంది.

"పది దినాలు సూద్దాం" అన్నాను. అలవాటు కొద్దీ బేరమాడేశాను. ఎవరితో ఆడానో నాకే తెలియలేదు. తుండు కింద అవతలి చెయ్యి యముడిదైతే, వాడు ధర చెప్పలేదు. చెప్పడు కూడా. అలాంటివాడితో బేరం నాకు చేతకాదు.

బావ తువ్వాలుతో మొహం తుడుచుకుంటూ వచ్చాడు. "బావా, రేడియో కాదు" అన్నాను.

చెప్పాను. సంతలో చెయ్యి, లోటా, పేపరు, గడియారం ముల్లు. ఆయన అరవలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఆఫీసులో అడిగినట్టే అడిగాడు. ఎన్ని సెకన్లు? దినానికి ఎన్నిసార్లు? ఎప్పటినుంచి? తర్వాత తనలో తానే అన్నాడు, "పదిహేను సెకన్లంటే రెండు కిలోమీటర్లు పైమాటే పోతాది విమానం."

చెప్పులేసుకుని వీధి చివర ఎస్‌టీడీ బూతుకు పోయాడు. నేను వెనకాలే పోయాను. "పంతొమ్మిది దినాలు సెలవు పెట్టు బావా, జరమని సెప్పు. తర్వాత మాట్లాడదాం" అన్నాను. సెలవు సంగతి మొదటిరోజే తట్టి ఉండాల్సింది. నా తెలివి ఎప్పుడూ సరుకు పాడయ్యాకే వస్తుంది.

ఆయన అద్దాల తలుపు మూసుకున్నాడు. లోపల పెదవులు కదలడం కనిపించింది. ఒకచోట ఆగాయి. నేను తలుపు మీద చెయ్యి వేశాను. మళ్ళీ కదిలాయి. బయటికి వచ్చి, "సీటు వదిలేసినా. అంతా సెప్పేసినా" అన్నాడు.

పాలసీ నుంచి ఏమీ రాలేదు. రావాలని ఆయనా కోరలేదు. కంపెనీ వివరణ అడిగితే బావ నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, పుంగనూరు సంత రోజు నుంచి నా చేతే రాయించాడు. నా ఏజెన్సీ పోయింది. ఆయన్ని ఆఫీసు కాగితాల పనికి మార్చారు, జీతం తగ్గింది. పిల్లల చదువు అంగడి లెక్కలోకి వచ్చింది. అది నేను తీసుకున్నదే, ఎవరూ అడగలేదు. మాత్రలతో ఆ ఖాళీలు చాలావరకు తగ్గాయి.

చాలావరకు.

కొన్ని నెలలకు, ఒక మధ్యాహ్నం వాకిట్లో కూర్చుని ఉండగా బావ చెప్పాడు. పైలట్లతో మాట్లాడే ప్రతి మాటా ఆఫీసులో రికార్డు అవుతుందట. కొన్నాళ్ళ తర్వాత చెరిపేస్తారట. విచారణ కోసం మిగిలిన టేపులు ఆయనకు వినిపించారు. ప్రమాదమేదీ జరగలేదు, విమానాలు దగ్గరకు కూడా రాలేదు.

"పైలట్ పిలుస్తాడు. ఏమీ ఉండదు, ఊరికే గరగర. మళ్ళా పిలుస్తాడు. అప్పుడు పక్క సీటోడు నా బదులు పలుకుతాడు, మెల్లగా, నా మాదిరే. ఆ తర్వాత నా గొంతు వస్తాది, ఇంకో విమానంతో, ఏమీ ఎరగనట్టు. నేను లేనప్పుడు లోకం ఎట్లుంటాదో ఇన్నానప్పా. సచ్చినాక ఇట్లనే ఉంటాదేమో."

"పక్క సీటాయన నీకు సెప్పలేదా?"

"నాతో టీ తాగినాడు. నాతో కలిసి రైలెక్కినాడు. నా ఉద్యోగం కాపాడతాండా అనుకున్నాడంట." బావ నా వైపు తిరిగాడు. "మీ అక్కకు తెలుసు, వానికి తెలుసు, నీకు తెలుసు. నాకే తెలీదు. ఇంకేమన్నా ఉండాదా, నువ్వు సెప్పనిది?"

ఉండింది. ఈ కాగితం మీద కూడా ఇంతవరకు రాయలేదు. ఫారం నింపకముందే నేను మదనపల్లెలో ఒక డాక్టరు దగ్గరికి పోయాను, నాకు తెలిసిన ఒకాయనకు ఇలా ఉందని. ఆయన అప్పుడే చెప్పాడు, అది మూర్ఛలో ఒక రకమని, మాత్రలున్నాయని, వెంటనే తీసుకురమ్మని. ఏం పని చేస్తాడని అడిగాడు. బట్టల అంగడి అన్నాను.

చెబుదామని తలెత్తాను. బావ చూపు నా మీదే ఉంది. రెప్ప వాలలేదు. మోకాలి మీద చెయ్యి కదలలేదు. కోపమో, లేక ఆయన వెళ్ళిపోయాడో తెలియలేదు. సిగ్గుపడాల్సిన సంగతేమంటే, నా బుర్ర అప్పుడు కూడా లెక్క వేసింది. వెళ్ళిపోయి ఉంటే ఇప్పుడు చెబితే చెప్పినట్టూ ఉంటుంది, ఆయన విననట్టూ ఉంటుంది.

గబగబా మొత్తం చెప్పేశాను. డాక్టరు, రోగం పేరు, బట్టల అంగడి, దానికి డాక్టరు అన్న మాట: "అంగడే కదా, ఫరవాలేదు. కత్తెర దగ్గర కొంచెం జాగ్రత్త."

బావ కదలలేదు. పది దాకా లెక్కపెట్టాను. పన్నెండు. పద్నాలుగు. పదిహేను దాటింది.

"నా పనేందో నిజం సెప్పింటే," అన్నాడు బావ, రెప్ప వాల్చకుండానే, "ఆయప్ప ఏమనుండును?"