గుడ్డలో కట్టిన లింగం

మాది లింగాయతుల ఇల్లు. పుట్టిన నాటి నుంచి మట్టిలో కలిసేదాకా మెడలో లింగం ఉండాల్సిందే. అది ఒంటి మీద లేని మనిషి మంచినీళ్లు కూడా ముట్టకూడదు. నారాయణఖేడ్‌కు కోడలిగా వచ్చినప్పుడు నా లింగం వెండి పెట్టెలో ఉండేది. ఆ పెట్టె మా అమ్మది. ఆమె పోయాక నాకు మిగిలింది అదొక్కటే.

మా అత్తకు వెండి అంటే మంట. బజారులో పప్పుల దుకాణం ఉన్నా, తిన్న కంచం కడిగి ఆ నీళ్లు తాగేది.

"బూడిద పూసుకునేటోనికి వెండి ఇల్లెందుకే?" అని ఒక గుడ్డ ముక్క చేతిలో పెట్టింది. లింగాన్ని అందులో కట్టుకొమ్మంది. రేపు, ఎల్లుండి అని నేను జరుపుతూ వచ్చాను.

ఎండాకాలం ఒక పొద్దున కంగ్టి నుంచి జంగమయ్య భిక్షకు వచ్చాడు. అత్త నా మెడలోని దారం తెంపి, పెట్టెను ఆయన జోలెలో వేసింది. లింగం గుడ్డలోకి మారే ఉంటుందని ఆమె లెక్క. కొత్త కోడలు పరాయి మగవాడి ముందు నోరు విప్పేది కాదు. ఆయన కంగ్టి బండి ఎక్కి పోయాక గానీ నాకు మాట రాలేదు.

"అత్తా, లింగం ఆ పెట్టెలనే ఉన్నది."

అత్త తిట్టలేదు. మా ఆయనను కంగ్టికి తరిమి, నీళ్ల కుండకు మూత పెట్టి పక్కనే కూర్చుంది. నా ఎదుటే రొట్టె తిన్నది, కంచం కడిగి తాగింది.

"ఏడువకు. కండ్లల్ల నీళ్లు గూడ దండుగనే."

మర్నాడు ఎండ నెత్తి మీదికొచ్చాక మా ఆయన తిరిగొచ్చాడు. పెట్టె అప్పటికే కంసాలి కొలిమిలో కరిగిందట. లింగాన్ని జంగమయ్య తన కాషాయం చింపి కట్టి పంపాడు. అత్త దాన్ని నా మెడలో వేసి, చెంబుతో నీళ్లు ముంచింది.

"దేనికి ఏడ్చినవే, పిల్లా?"

"లింగానికి."

నీళ్లు మళ్లీ కుండలో పోసి మూత పెట్టింది. నాలుక అంగిలికి అతుక్కుపోయింది.

"పెట్టెకు," అన్నాను.

"ఇగ తాగు."

ఆ తర్వాత మళ్లీ దేనికీ ఏడవలేదు. నా కోడలు కూడా వెండి పెట్టెతోనే వచ్చింది. నేనూ గుడ్డ ముక్కే ఇచ్చాను. అయితే లింగాన్ని నా కళ్ల ముందు తీయించాకే పెట్టె జోలెలో వేశాను.