అది కింద పెట్టండి బాబూ

దెయ్యాలూ గియ్యాలూ అంటే నాకు మొదటినుంచీ ఒళ్ళుమంట. పంతొమ్మిదేళ్ళుగా పోలీసు ఉద్యోగం చేస్తున్నాను. కొల్లేరులో మూడు రోజులు నానిన శవాన్ని ఈ చేతులతోనే ఒడ్డుకి లాగాను. రైలు కింద పడ్డ మనిషిని గోనెసంచిలోకి ఏరాను. మార్చురీ బయట బల్లమీద కూర్చుని పులిహోర పొట్లం విప్పుకుని తిన్న రోజులున్నాయి. చచ్చినవాళ్ళెవరూ లేచి వచ్చి నన్ను పలకరించలేదు. స్టేషన్‌లో ఎవడైనా అలాంటి కథ మొదలుపెడితే, టీ తాగి పని చూసుకోవయ్యా అని కసిరేవాణ్ణి.

అలాంటిది ఇప్పుడు నేనే చెప్పబోతున్నాను. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. జరిగింది జరిగినట్టు రాస్తాను. మనుషుల పేర్లు మాత్రం మార్చాను.

నేను సాయుధ విభాగంలో ఎస్సైని. పోలీసులకి తుపాకీ కాల్చడం నేర్పుతాను. అట్టబొమ్మకి గురిపెట్టి తీరిగ్గా కాల్చడం ఎవడైనా నేర్చుకుంటాడు. ఎదురుగా కత్తి పట్టుకున్నవాడు ఉంటే సంగతి వేరు. చేతులు వణుకుతాయి. చూపు సన్నబడిపోయి, ఎదుటివాడి చేతిలో ఉన్న వస్తువు ఒక్కటే కనిపిస్తుంది. చెవులు మూసుకుపోతాయి. పక్కనే తుపాకీ పేలినా ఎక్కడో దూరంగా తలుపు వేసినట్టుంటుంది. ఆ స్థితిలో కూడా కాల్చాల్సినప్పుడు కాల్చడం, కూడనప్పుడు ఆగడం నేర్పాలి.

పెదవేగి వైపు పామాయిల్ తోటలు దాటాక ఒక పెద్ద మట్టికట్ట ముందు మా ఫైరింగ్ రేంజి. దొంగల ముఠాల్ని పట్టే టీముకి ఎంపికైన పన్నెండు మందిని నాకు అప్పగించారు. ఊపిరాడనంతసేపు పరిగెత్తించేవాణ్ణి. ముఖాన నీళ్ళు కొట్టించేవాణ్ణి. కాళ్ళ దగ్గర టపాకాయల సరం వెలిగించి విసిరేవాణ్ణి. ఒకతనికి పిక్క కాలింది కూడా. ఆ గందరగోళంలో అట్టబొమ్మ లేస్తుంది. దాని చేతిలో కత్తి ఉండొచ్చు, సెల్‌ఫోన్ ఉండొచ్చు. ముందు గట్టిగా అరిచి హెచ్చరించాలి. తర్వాత కాల్చాలో వద్దో తేల్చుకోవాలి. అన్నీ రెండు సెకన్లలో.

ఆ పన్నెండు మందిలో దుర్గాప్రసాద్ ఒకడు. హెడ్ కానిస్టేబులు. ఉండి దగ్గర వ్యవసాయ కుటుంబం. గురి మాత్రం అద్భుతం. మొదటి రోజు బొమ్మ లేవగానే పిస్తోలు ఎత్తి, ఆయాసపడుతూ దానితో అన్నాడు.

“అది కింద పెట్టండి బాబూ.”

అందరూ పగలబడి నవ్వారు. అట్టముక్కకి అండీ ఏమిట్రా! నాకూ నవ్వొచ్చింది, వెంటనే మండుకొచ్చింది. మళ్ళీ చేయించాను. మళ్ళీ అదే మాట. నిమ్మళంగా, ఇంటికొచ్చిన చుట్టాన్ని పీట మీద కూర్చోమన్నట్టు. మూడు రోజులు గడిచినా మారలేదు. ఎందుకురా అంటే, మా ఇంట్లో ఎవర్నీ ఒరేయ్ అనమండీ, భయమేసినప్పుడు నోటికి అలవాటైందే వస్తుందండీ అన్నాడు. ఆ రెండో మాట ఆ రోజే నా బుర్రకెక్కాల్సింది.

నాలుగో రోజు చెంప మీద కొట్టాను. చిన్నగా కాదు, టోపీ ఎగిరి పడింది. నువ్వు అండీ అనేలోపు నీ పీక తెగుతుందిరా అని అందరి ముందూ అరిచాను. రైఫిల్ నెత్తిమీద పెట్టి ఎండలో గ్రౌండు చుట్టూ తిప్పాను. మట్టికట్ట ముందు నిలబెట్టి, పడెయ్‌రా ఒరేయ్ అని వందసార్లు అరిపించాను. గొంతు పోయి రక్తపు జీర ఉమ్మాడు. పదో రోజుకి దారికొచ్చాడు. టపాకాయలు పేలుతుంటే, కత్తి పడెయ్‌రా ఒరేయ్ అని రేంజి దద్దరిల్లేలా అరిచి బొమ్మ గుండెలో రెండు గుండ్లు దింపాడు. నేను భుజం తట్టాను. వాడు నవ్వలేదు.

రెండు నెలలకి తాడేపల్లిగూడెంలో ఇద్దరు అన్నదమ్ములు కొట్టుకున్నారు. మర్యాదస్తులే, బజారులో దుకాణం ఉన్నవాళ్ళు. తమ్ముడు గోనెలు కోసే కత్తి తీసి అన్న చెయ్యి మణికట్టు దగ్గర ఎముక కనబడేలా నరికి, ఆ కత్తితోనే రోడ్డు మధ్యలో నిలబడ్డాడు. వేరే పనిమీద అటుగా వెళ్తున్న దుర్గాప్రసాద్ జీపు దిగాడు.

చూసినవాళ్ళు నలుగురు నాకు ఒకే మాట చెప్పారు. అప్పటికి ఆ తమ్ముడు చల్లబడ్డాడట. కత్తి తొడ పక్కకి వేలాడేసి, అన్న చేతి వంక చూసి ఏడుస్తున్నాడట. దుర్గాప్రసాద్ పిస్తోలు ఎత్తి, నేను నేర్పింది నేర్పినట్టు, కత్తి పడెయ్‌రా ఒరేయ్ అని అరిచాడు. ఆ మాటకి అతను తలెత్తాడు. ఒక్క ఊపున మీదికి దూకాడు. దుర్గాప్రసాద్ రెండుసార్లు కాల్చాడు. ఒకటి అతని తొడలోకి, ఒకటి దుకాణం షట్టర్లోకి. అప్పటికే కత్తి దుర్గాప్రసాద్ మెడలో పిడిదాకా దిగింది. ఒక జట్టుకూలీ తన తెల్ల తువ్వాలు వాడి మెడకి గట్టిగా చుట్టి జీపెక్కించాడు.

ఏలూరు ఆసుపత్రికి నేను చేరేసరికి ప్రాణం లేదు. తువ్వాలు ఇంకా మెడకే ఉంది. తెల్లదని తర్వాత ఆ కూలీ చెబితే తెలిసింది. నేను చూసేటప్పటికి అది పూర్తిగా ఎర్రది.

తొడకి కట్టుతో మంచం మీదున్న హంతకుణ్ణి ఎందుకు చేశావని అడిగాను. అతని గొంతు పట్టుకోవాలనిపించింది నాకు. అతను కళ్ళు దించుకుని, ఏమీ దాచకుండా చెప్పాడు.

“నన్ను నలుగుర్లో ఒరేయ్ అన్నాడండీ. మా నాన్న కూడా నన్నెప్పుడూ అలా అనలేదండీ.”

దుర్గాప్రసాద్ అన్న మాట కాదది. నా మాట. ఈ సంగతి ఆ నలుగురికీ తెలియదు, ఆ హంతకుడికీ తెలియదు. నాకు తెలుసు. నాలుగు నెలలు నిద్ర సరిగా లేదు. అయినా రేంజిలో పద్ధతి మార్చలేదు. మారిస్తే వాణ్ణి నేనే చంపానని ఒప్పుకున్నట్టవుతుందని భయం.

ఇక అసలు సంగతి. కైకలూరు దగ్గర ఒక చేపల వ్యాపారిని నాటు తుపాకీతో కడుపులో కాల్చి ఇద్దరు పారిపోయారు. కొల్లేరు అంచున ఒక చెరువుగట్టు మీది షెడ్డులో ఉన్నారని కబురొచ్చింది. ఐదుగురం వెళ్ళాం. మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు. నీళ్ళమీద ఎండ పడి కళ్ళు చెదురుతున్నాయి. చెరువులోకి గాలి కొట్టే ఇంజిన్ ఒకటి షెడ్డు పక్కనే చెవులు దిబ్బళ్ళు పడేలా మోగుతోంది. ముగ్గుర్ని షెడ్డు అవతలివైపు పంపాను. నేను ఇవతలి గట్టు మీదుగా వెళ్ళాను. నా వెనక పది అడుగుల్లో హరి అనే హెడ్ కానిస్టేబులు. అక్కడ గట్టు ఎంత సన్నమంటే ఒక మనిషి మాత్రమే నడవగలడు. నా కుడివైపు షెడ్డు గోడ, ఎడమవైపు నీళ్ళు.

మూల తిరగబోతుంటే ఢామ్మని పేలింది. 

మూల తిరిగాను. పదిహేను అడుగుల్లో ఒక మనిషి. చేతిలో పొడుగాటి గొట్టం, కొసనుంచి పొగ. నాకేసి తిరుగుతున్నాడు. నేను పాఠం చెప్పే ప్రతిదీ నాకే జరిగింది. మొహం కనబడలేదు, గొట్టం రంధ్రం ఒక్కటే కనబడింది. ఇంజిన్ శబ్దం ఆగిపోయినట్టయింది. కాల్చెయ్యాలి, ఇప్పుడే, అనుకున్నాను. నిజం చెబుతున్నాను, వాణ్ణి చంపాలని ఉంది నాకు. నాలుగు నెలల కసి అంతా వేలిలోకి వచ్చింది. ట్రిగ్గర్ సగానికి పైగా వెనక్కి వచ్చేసింది.

అప్పుడు నా ఎడమ చెవి దగ్గర ఒక గొంతు వినబడింది. అరవలేదు. నిమ్మళంగా అంది.

“ఆగండి సార్.” తర్వాత కొంచెం ముందుకి జరిగి, ఆ మనిషితో అన్నట్టు: “అది కింద పెట్టండి బాబూ.”

ఆ మనిషి వంగి గొట్టాన్ని జాగ్రత్తగా నేలమీద పెట్టాడు. చేతులు జోడించాడు.

అతను దొంగ కాదు. ఆ చెరువు కాపలాదారు కోటయ్య. యాభై దాటిన మనిషి. ఆ గొట్టం, చేపలు తినే నీటికాకుల్ని బెదరగొట్టడానికి ప్లాస్టిక్ పైపుతో చేసి కార్బైడుతో పేల్చే తుపాకీ. కొల్లేరు చుట్టూ చెరువులున్న ప్రతి చోటా ఉంటుంది. నాకు తెలియని వస్తువు కాదు. ఆ క్షణంలో తెలియలేదు, అంతే. నేను వెతుకుతున్న ఇద్దరూ రెండు రోజుల తర్వాత ఇంకెక్కడో దొరికారు.

గట్టుమీదే కూలబడ్డాను. హరి వచ్చి నా చేతిలోంచి పిస్తోలు తీసుకున్నాడు. నువ్వేమైనా అన్నావా అని అడిగాను. మొహం అదోలా పెట్టాడు. తను వెనకనుంచి సార్ సార్ అని గొంతు చించుకున్నాడట. నేనేమో ఆ మనిషి మీద, పడెయ్‌రా ఒరేయ్ అని నాలుగుసార్లు అరిచానట. హరి కేకా నాకు వినబడలేదు, నా కేక నాకే వినబడలేదు. ఆ మెల్లటి మాట ఒక్కటే వినబడింది. అవతలున్న ముగ్గుర్నీ విడివిడిగా అడిగాను. తామెవరూ ఆ మాట అనలేదన్నారు.

ఇంతవరకూ అయితే నేనూ సర్దుకునేవాణ్ణి. మా డాక్టరు కూడా అదే చెప్పాడు. మనసులో నలుగుతున్న మాట ఆ క్షణంలో బయటినుంచి వచ్చినట్టు వినిపించిందన్నాడు. కావచ్చు. కానీ కోటయ్య సంగతి ఏమిటి?

ఇంజిన్ ఆపాక కోటయ్యకి నీళ్ళు తాగించాం. నేను ఏమీ అడగలేదు. ఇది మళ్ళీ చెబుతున్నాను, నేను ఏమీ అడగలేదు. అతనే అటూ ఇటూ చూసి అడిగాడు.

“మీ పక్కనున్నాయన ఏరండీ? మెడకి ఎర్ర తువ్వాలు చుట్టుకున్నారు? మీ అరుపు ఆ ఇంజిన్ మోతలో నాకు వినపడలేదండీ. ఆయన బాబూ అంటేనే వినపడింది. అందుకే కింద పెట్టేశాను.”

ఏ పక్క అన్నాను. ఎడమ పక్క చూపించాడు. అక్కడ నీళ్ళే. హరి కూడా చూశాడు. తర్వాత గట్టుమీంచే కర్రతో లోతు చూశాం. నిలువులోతు.

కోటయ్యది కైకలూరు పక్కనే. తాడేపల్లిగూడెం హత్య సంగతి అతనికి తెలిసి ఉండొచ్చు, పేపర్లో వచ్చింది. కానీ తువ్వాలు సంగతి ఏ పేపర్లోనూ రాలేదు. ఎలా తెలుసు? ఎన్ని విధాల ఆలోచించినా నాకు అంతుచిక్కలేదు. దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. ఆ రోజు నా ఎడమపక్క ఎవరూ లేరని కూడా అనలేను.

రేంజి వదిలేశాను. మోకాలి నొప్పి అని అర్జీలో రాశాను. తర్వాత, ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పకపోతే బతకలేననిపించి, ఉండి వెళ్ళాను.

దుర్గాప్రసాద్ భార్య పద్మ రోడ్డు పక్కన పట్టా మీద వడ్లు ఆరబోస్తోంది. నీడలోకి రమ్మంది, మజ్జిగ ఇచ్చింది. నేను అంతా చెప్పాను. చెంపదెబ్బ, వందసార్లు అరిపించడం, ఆ మాటవల్లే ఆయన పోవడం, అన్నీ. చివర్లో గట్టు మీద జరిగింది చెప్పాను. ఆమె భయపడలేదు, ఆశ్చర్యపోలేదు. నేను ఏడ్చేశాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఎవరి ముందూ ఏడవలేదు. ఆ గొంతులో నా మీద కోపం లేదమ్మా, సార్ అనే పిలిచాడమ్మా అన్నాను. ఆ ఒక్క ఊరట పట్టుకునే ఆవిడ దగ్గరికి వెళ్ళాను మరి.

ఆమె లేచి వడ్లు ఒకసారి కాలితో కలియబెట్టి వచ్చింది. నా చేతిలోంచి ఖాళీ గ్లాసు అందుకుంది.

“ఆయనకి ఉండదండీ. ఆయన ఎవరి మీదా కోపం పెట్టుకోరు,” అంది. “నాకుందండీ. ఇంక మీరు వెళ్ళండి.”