గొంతు ఇస్త్రీ చెయ్యకండి

ఆపరేషన్ థియేటర్లో రేడియో ఎప్పుడూ సర్జన్ గారిదే. మత్తు డాక్టరు విని ఊరుకోవాల్సిందే. ఐర్లండులోని డ్రోహెడా ఆసుపత్రిలో అలా ఏళ్ళ తరబడి వినీ వినీ మత్తు డాక్టరైన తెనాలి ఆడపడుచు ఊర్మిళకు కంట్రీ, బ్లూస్, రాక్, అమెరికానా బాణీలన్నీ ఒంటబట్టేశాయి. చిన్నప్పుడు వాళ్ళమ్మ చెవి మెలిపెట్టి నేర్పించిన కర్ణాటక సంగీతం సరేసరి, అది ఎక్కడికీ పోలేదు. రెండూ కలిసి ఆమె నోట ఎనిమిది ఇంగ్లీషు పాటలయ్యాయి.

కోవిడ్‌తో స్టూడియోలు మూతపడ్డాయి. రోజంతా రోగుల గొంతుల్లోకి గొట్టాలు వేసి ఇంటికొచ్చి, ఊర్మిళ హాట్ ప్రెస్‌లో ముడుచుకు కూర్చుని పాడేది. వేడినీళ్ళ ట్యాంకు పక్కన తువ్వాళ్ళు పెట్టుకునే ఆ అల్మారాలోకి బయటి చప్పుడు రాదు. ఆ రికార్డింగులు ఎన్నిస్ అనే ఊళ్ళో ఉండే గిటారిస్టు డెక్లాన్‌కు పంపితే, అతను తన గిటార్ జోడించి ఆల్బమ్‌గా కూర్చేవాడు. "నలభయ్యారేళ్ళకి ఇదేం పిచ్చి?" అని భర్త జనార్దనరావు విసుక్కున్నా ఆమె పట్టించుకోలేదు. పొద్దస్తమానం చావుల మధ్య తిరిగే మనిషికి పాడితే తప్ప ఊపిరాడేది కాదు మరి.

2021 ఫిబ్రవరిలో డెక్లాన్ మొదటి పాట పూర్తిచేసి పంపాడు. విని ఊర్మిళ తెల్లబోయింది. గమకం ఒక్కటీ లేదు. ఆమె స్వరం జారిన చోటల్లా శ్రుతి తప్పిందనుకుని సాఫ్ట్‌వేర్‌తో సరిచేసేశాడా మహానుభావుడు! గొంతు ఇస్త్రీ చేసినట్టు చదునుగా ఉంది.

"ఇప్పుడు బాగుంది ఊర్మిళా, అచ్చం దొరసాని పాడినట్టుంది," అని జనార్దనరావు మురిసిపోయాడు.

"దొరసానే కావాలంటే దొరసాని చేతే పాడించుకోండి," అంటూ ఆమె ఫోన్ అందుకుంది.

డెక్లాన్ నెమ్మదిగా నచ్చజెప్పబోయాడు. ఒక రేడియోవాళ్ళకు ఈ పాట నచ్చిందట, వేస్తామన్నారట. తొలి ఆల్బమ్‌కి అంతకంటే ఏం కావాలి? "నువ్వు పాడినట్టే ఉంచితే వెయ్యరు. శ్రుతి లేదంటారు."

"అదే పాటలో నీ గిటార్ ఎన్నిసార్లు జారింది డెక్లాన్? నీ తీగ జారితే బ్లూస్, నా గొంతు జారితే తప్పా?"

డెక్లాన్ నవ్వేశాడు. "గ్రాండ్, అలాగే కానీ. ఎనిమిదీ నువ్వు పాడినట్టే ఉంచుతా. రేడియో మాత్రం పోయినట్టే."

పోయింది కూడా. ఊర్మిళకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఇంక వినేదెవరని జనార్దనరావు సణుగుతూనే ఉన్నాడు.

ఆల్బమ్ విడుదలైన ఆదివారం మధ్యాహ్నం ఆమె ముందుగది కిటికీలు బార్లా తెరిచి, స్పీకర్ తెచ్చి గుమ్మంలో పెట్టింది.

"ఇదేమిటే! పక్కింటివాళ్ళు గార్డ్స్‌కి, అదే పోలీసులకి, ఫోన్ చేస్తారు," అన్నాడాయన కంగారుగా.

"చేసుకోనివ్వండి. లాక్‌డౌన్ కదా, కాలనీ అంతా ఇళ్ళల్లోనే ఉంది. ఎక్కడికి పోతారు? వింటారు," అని ఊర్మిళ శబ్దం ఇంకాస్త పెంచింది.