వెన్ను మీద సుడి ఉన్న పెయ్య

నిన్న గరాచర్మలో మా పక్కింటావిడ ఫోన్లో రెండు ఆవుల బొమ్మలు చూపించి ఏది కొనమంటారని అడిగితే, నా కళ్ళు ముందు పొట్ట కింద పాలనరం కోసం వెతికి, ఆ వెంటనే, సిగ్గులేకుండా, వెన్ను మీద సుడి కోసం కూడా వెతికాయి.

సిప్పీఘాట్‌కి కోడలిగా వచ్చిన కొత్తల్లో మా అత్తగారికి రెండు చూడి పెయ్యలుండేవి. ఆ ఏడు వానలు ముందే ఆగిపోయి, గడ్డి ఒక్కదానికే సరిపోయేలా ఉంది. ఒకటి నున్నగా, గుండ్రంగా ముద్దొచ్చేది. రెండోది ఎముకల గూడు, పైగా వెన్ను మీద సుడి. అది కలిసిరాదని అమ్మేయడానికి నిశ్చయించారు. నా ఒళ్ళో ఐదు నెలల పిల్ల. నాకు పాలు చాలవు, మా దీవికి వచ్చే ఓడ ఆలస్యమైతే బజారులో డబ్బాపాలు దొరకవు. ఇంట్లో మిగిలి ఈనబోయే పశువు మీదే నా ప్రాణాలన్నీ.

మా నాన్న పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. కండకి తినే ఆవు వేరు, పాలకి తినే ఆవు వేరు అనేవారు. ఆయన చెప్పిన సన్నటి మెడ, వెడల్పు తుంటి, వదులు చర్మం, పొట్ట కింద తేలుతున్న నరం, అన్నీ ఆ బక్కదానికే ఉన్నాయి. వండూర్ నుంచి వచ్చిన బేరగాడు దాని మెడలో తాడు వేసి, "జల్దీ చెప్పండి దీదీ, గాడీ ఆగుంది" అంటుంటే, నోరు తెరిచి దాన్ని ఉంచమన్నాను.

అత్తగారు నా వైపు తిరిగారు. "రేపు పాల్లేక పిల్ల ఏడిస్తే ఎవులు జవాబు చెప్తారు?"

"నేనే చెప్తానత్తా."

తాడు ఆ నున్నటిదాని మెడలోకి మారింది. ఈనేదాకా ఇంట్లో నాతో ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. రోజూ పొద్దున్నే పొదుగు తడిమేదాన్ని.

ఈనింది. చెంబులు చాలనన్ని పాలు. పిల్ల బుగ్గలు నిండాయి, అత్తగారు మెత్తబడ్డారు, నేను గర్వంతో నేల మీద నడవలేదు. అది మాత్రం తిన్నదంతా, తినందీ కూడా, పొదుగులోకే దింపి, మేత చాలక రోజురోజుకీ కరిగిపోయి, వానలు పడే లోపే కూలబడి మళ్ళీ లేవలేదు. అత్తగారు సుడి అన్నారు. ఆ ఒంటికి ఎంత మేత కావాలో నేను నాన్నని ఎన్నడూ అడగలేదు, అదీ నిజం.

ఇప్పుడు ప్యాకెట్ కత్తిరిస్తే పాలు. ఏ పశువు చిక్కిపోయిందో తెలియకుండానే పిల్లలు పెరుగుతున్నారు. నాకు మాత్రం, నిండుగా ఎదిగిన నా కూతురు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డప్పుడల్లా, ఆ బక్క ఆవు పక్కటెముకలు కళ్ళ ముందు మెదులుతాయి.